గడ్డి తగ్గించినా సరే, అద్దాలు తగ్గించకు



నేను మన బ్రాంచిలో ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఫిజికల్ సైన్స్ చెప్తాను. బీఈడీ పూర్తిచేసి ఉద్యోగంలో చేరి అయిదేళ్లయింది. ఈ నెల పేరెంట్స్ పేజీకి ఏదైనా రాయమని ప్రిన్సిపాల్ గారు అడిగినప్పుడు పరీక్షల భయం గురించో, పిల్లల టైమ్‌టేబుల్ గురించో రాద్దామనుకున్నాను. అయితే పోయిన విద్యా సంవత్సరం చివర్లో నేను చేసిన ఒక పొరపాటు గురించి చెప్తేనే మీకు ఎక్కువ ఉపయోగం అనిపించింది. ఆ అబ్బాయి, వాళ్ల నాన్నగారు ఇద్దరూ సరే అన్నాకే రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయడం లేదు.

ఎర్ర పెన్ను

సంక్రాంతి సెలవులు అయి స్కూలు తెరిచిన రెండో వారం. ఎనిమిదో తరగతిలో కాంతి పాఠం. అద్దం మీద పడిన కిరణం ఏ కోణంలో వెనక్కి వస్తుందో బోర్డు మీద గీస్తున్నాను. మూడో బెంచీలో ఒక అబ్బాయి తల వంచుకుని నోట్‌బుక్ చివరి పేజీలో ఏదో రాసుకుంటున్నాడు. దగ్గరికి వెళ్లి "ఏం రాస్తున్నావు?" అంటే లేచి నిలబడ్డాడు కానీ మాట్లాడలేదు. నోట్‌బుక్ తీసుకుని చూశాను. నిండా అంకెలు. మధ్యలో "షాడోస్", "గ్రాస్", "మిర్రర్స్" అని మాటలు. పైన ఒక వీడియో గేమ్ పేరు.

ఆట పేరు కనపడగానే నేను ఇక చదవలేదు. ఆ పేజీకి అడ్డంగా ఎర్ర పెన్నుతో "టైమ్ వేస్ట్ చేయొద్దు" అని రాసి, సంతకం పెట్టి ఇచ్చేశాను. క్లాసంతా నవ్వింది. అతను కూర్చున్నాడు.

ఫిబ్రవరిలో ఎఫ్ఏ-4 మార్కులు వచ్చాయి. ఎప్పుడూ సైన్స్‌లో 20కి 16, 17 తెచ్చుకునే పిల్లాడికి 9 వచ్చాయి. లెక్కల్లో 7. పేరెంట్ మీటింగుకి వాళ్ల నాన్నగారు వచ్చారు. ఆయన లారీ క్లీనరుగా మొదలుపెట్టి, ఇరవై ఏళ్లు డ్రైవింగ్ చేసి, ఇప్పుడు రెండు లారీలు సొంతంగా తిప్పుతున్నారు. విజయవాడ ఆటోనగర్‌లో చిన్న ఆఫీసు ఉంది.

"కంప్యూటర్ కొన్న దగ్గర్నించీ ఇంతే మేడమ్. పండగ తర్వాత మరీ ఎక్కువైంది. రాత్రి ఒంటిగంటకి లేచి చూస్తే దాని ముందే ఉంటాడు. ఏవో సెట్టింగులంటాడు. కొత్త గ్రాఫిక్స్ కార్డు కావాలంట, షాపులో అడిగితే 22 వేలన్నారు. ఏం చేయమంటారు?" అని అడిగారు.

"కంప్యూటర్ తీసేయండి సర్. పదో తరగతి అయ్యేదాకా ఇంట్లో ఉంచొద్దు" అన్నాను.

ఆ మాట చెప్పడానికి నాకు అర నిమిషం పట్టలేదు. ఆయన వెనక ఇంకా పాతిక మంది పేరెంట్స్ నిలబడి ఉన్నారు. ఆయన పక్కనే నిలబడ్డ పిల్లాడి ముఖం నేను చూడలేదు.

ఆ సాయంత్రమే కంప్యూటర్ ఆటోనగర్ ఆఫీసుకి వెళ్లిపోయింది. తర్వాత ఆ అబ్బాయి ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. హోంవర్క్ టైముకి తెచ్చాడు. అడిగితే జవాబు చెప్పాడు. అయితే అంతకుముందు పాఠం మధ్యలో చేయెత్తి "మేడమ్, మరి అలా అయితే..." అని ఏదో ఒకటి అడిగే పిల్లాడు, ఇక అడగడం మానేశాడు. నేను దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను.

చివరి పదకొండు పేజీలు

మార్చిలో ఎస్ఏ-2కి ముందు నోట్‌బుక్‌లు దిద్దాలి. ఒక రాత్రి ఇంటికి 42 నోట్‌బుక్‌లు తెచ్చుకున్నాను. అతని పుస్తకం తలకిందులుగా ఉండి వెనక నుంచి తెరుచుకుంది. ముందు నా ఎర్ర అక్షరాలే కనపడ్డాయి. వాటి కింద ఏముందో అప్పుడు చదివాను. మొత్తం పదకొండు పేజీలు.

మొదటి పేజీలో ఒక ప్రశ్న ఉంది. "పండగ ముందు బాగా నడిచింది. ఇప్పుడు 17. ఎందుకు?"

17 అంటే ఏమిటో మీలో కొందరికి నాలాగే తెలియకపోవచ్చు. కంప్యూటర్ ఆటలో మనకు కనపడేది ముందే తీసిపెట్టిన సినిమా కాదు. ప్రతి బొమ్మనూ కంప్యూటర్ అప్పటికప్పుడు గీస్తుంది. సెకనుకు ఎన్ని బొమ్మలు గీయగలిగితే అన్ని ఎఫ్‌పీఎస్ అంటారు. సెకనుకు 60 గీయాలంటే ఒక్కో బొమ్మకు దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. అంటే 20,73,600 చుక్కలు. ఆ లెక్కన సెకనుకు పన్నెండు కోట్లకు పైగా చుక్కలకు రంగు తేల్చాలి. ఆ పని కోసమే పెట్టేది గ్రాఫిక్స్ కార్డు. సెకనుకు 17 బొమ్మలే వస్తే బండి కుదుపులతో నడిచినట్టు ఉంటుంది.

అతను ఆడే ఆట యూరో ట్రక్ సిమ్యులేటర్ 2. ప్రాగ్ నగరంలోని ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ సంస్థ 2012లో విడుదల చేసింది. తుపాకులు, చంపడాలు ఏమీ లేవు. ఐరోపా నగరాల మధ్య లారీలో సరుకు చేరవేయాలి, అంతే. ఐరోపాలో ఆటలకు వయసు రేటింగ్ ఇచ్చే పెగి దీన్ని 3 ఏళ్లు దాటిన అందరికీ అని చెప్పింది. లారీ డ్రైవరు కొడుకు ఆడే ఆట ఏమిటో కూడా నేను అప్పటిదాకా గమనించలేదు.

రెండో పేజీలో వరుసగా ప్రయత్నాలు. వేడెక్కుతోందేమో అని మూత తీసి బ్రష్‌తో దుమ్ము దులిపాడు. 17. కార్డుకు సంబంధించిన డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కొత్తది వేశాడు. 17. తర్వాత రిజల్యూషన్‌ను 1920×1080 నుంచి 1280×720కి తగ్గించాడు. 31 వచ్చింది. పక్కన లెక్క చేశాడు. చుక్కలు 20,73,600 నుంచి 9,21,600 అయ్యాయి. పని సగానికి పైగా తగ్గింది, వేగం దాదాపు రెట్టింపైంది. కింద ఇలా రాశాడు. "ప్రాసెసర్ లేటైతే చుక్కలు తగ్గించినా స్పీడు పెరగకూడదు. పెరిగింది. అంటే ప్రాబ్లమ్ బొమ్మ గీసేవాడి దగ్గరే ఉంది."

దిద్దుతున్న పెన్ను పక్కన పెట్టేశాను. కారణాలను ఒక్కొక్కటిగా తీసేస్తూ అసలు దాని దగ్గరికి వెళ్లడం అంటే ఇదే.

తర్వాతి పేజీలో విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి చూసింది రాశాడు. అందులో గీసేవాళ్లు ఇద్దరు కనపడ్డారు. ఒకటి ప్రాసెసర్‌తోపాటే వచ్చే చిన్న గ్రాఫిక్స్. అది 99 శాతం పని చేస్తోంది. రెండోది వాళ్ల నాన్న డబ్బు పెట్టి కొన్న కార్డు. అది 0 శాతం. పక్కన పెద్ద అక్షరాలతో, "కార్డు నిద్రపోతోంది!"

సంగతేమిటంటే, పండక్కి ఇంటికి రంగులు వేయించారు. కంప్యూటర్ టేబుల్ జరిపి, మళ్లీ సర్దేటప్పుడు మానిటర్ కేబుల్‌ను కార్డుకు ఉన్న సాకెట్‌లో కాకుండా, దాని పైన మదర్‌బోర్డుకు ఉన్న సాకెట్‌లో పెట్టారు. రెండు సాకెట్లూ ఒకేలా ఉంటాయి. రెండింట్లోనూ బొమ్మ వస్తుంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. కేబుల్ తీసి కింది సాకెట్‌లో పెట్టాడు. అవే సెట్టింగులతో 17 కాస్తా 58 అయింది. దాని కింద రెండు గీతలు.

ఆ గీతల పక్కన చిన్న అక్షరాలతో ఇలా ఉంది. "నాన్నకి చెప్పా, కొత్త కార్డు అక్కర్లేదని. ఆట మాటలు నా దగ్గర మాట్లాడకు, చదువుకో అన్నాడు."

ఒక్కసారికి ఒక్కటే

మిగతా పేజీలు పట్టికలు. కార్డు సరిగ్గా పని చేయడం మొదలయ్యాక బొమ్మ అందంగా కనపడాలని సెట్టింగులన్నీ పై చివరికి పెంచేశాడు. వేగం 26కి పడిపోయింది. అప్పుడు దేన్ని తగ్గిస్తే ఎంత కలిసొస్తుందో కొలవడం మొదలుపెట్టాడు. పేజీ పైన తనకు తాను నియమాలు రాసుకున్నాడు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. ఒకే ఊళ్లో, ఒకే గ్యారేజీ ముందు, ఆటలో పగలు పదింటికే చూడాలి. వాన ఉండకూడదు. మూడుసార్లు చూసి సగటు తీయాలి.

అతని అంకెలు కొన్ని చెప్తాను. ఇవి ఒక్క కంప్యూటర్లో, ఒక్క ఆటలో వచ్చినవి. మీ ఇంట్లో వేరేగా ఉంటాయి.

స్కేలింగ్ అనే దాన్ని పెంచితే తెరకు కావాల్సినదానికంటే ఎక్కువ చుక్కలు గీసి, తర్వాత కుదించి చూపిస్తుంది. అంచులు నున్నగా వస్తాయి, పని మాత్రం విపరీతంగా పెరుగుతుంది. దాన్ని సగానికి తగ్గిస్తే 26 నుంచి 41కి వచ్చింది. నీడల నాణ్యత ఒక మెట్టు తగ్గిస్తే 48. లారీ పక్క అద్దాల నాణ్యత తగ్గిస్తే 55. అద్దాలు తగ్గించకుండా గడ్డి, చెట్లు మాత్రమే తగ్గిస్తే 52. అనైసోట్రోపిక్ ఫిల్టరింగ్ అనే దాన్ని సున్నా నుంచి చివరిదాకా పెంచినా పోయింది ఒక్కటే.

క్లాసులో ప్రయోగం రాసేటప్పుడు నేను ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది. ఒక్క అంశాన్ని మార్చండి, మిగతావన్నీ కదలకుండా ఉంచండి, కనీసం మూడు రీడింగులు తీసుకోండి. బోర్డు మీద ఎన్నోసార్లు రాశాను. నా ముందున్న 42 నోట్‌బుక్‌ల ముందు పేజీల్లో ఘర్షణ ప్రయోగం ఉంది. దాదాపు అందరివీ ఒకే రీడింగులు, ఒకరి నుంచి ఒకరు ఎక్కించుకున్నవి. ఆ రాత్రి ఇంటికి తెచ్చిన పుస్తకాల్లో నిజంగా చేసిన ప్రయోగం ఒక్కటే. దాని మీద నా చేత్తో "టైమ్ వేస్ట్" అని రాసి ఉంది.

ఫోన్

మర్నాడు పొద్దున్న వాళ్ల నాన్నగారికి ఫోన్ చేయాలనుకుని, మధ్యాహ్నం దాకా చేయలేకపోయాను. పేరెంట్ ముందు "నేను తప్పు చెప్పాను" అంటే ఏమవుతుంది? రేపు నేను ఏం చెప్పినా వింటారా? మాట ప్రిన్సిపాల్ గారిదాకా వెళ్తే? చిన్న వయసు టీచర్లకు ఈ భయం కొంచెం ఎక్కువే ఉంటుంది. లంచ్ అవర్‌లో అబ్బాయిని పిలిచి, "మీ కంప్యూటర్ ఎక్కడుంది?" అని అడిగాను. "నాన్న అమ్మేస్తున్నాడు మేడమ్. ఎవరో అడ్వాన్సు ఇచ్చారు, ఆదివారం తీసుకెళ్తారంట" అన్నాడు. అది గురువారం.

అప్పుడే ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"మరి మీరే కదమ్మా తీసేయమన్నది?"

"అవునండీ. అతను రాసింది చదవకుండా చెప్పాను. నాదే పొరపాటు. రాత్రి ఒంటిగంటదాకా కూర్చోవడం తప్పే. మార్కులు తగ్గింది కూడా నిద్ర లేకే. దాన్ని సరిచేయాలి. కానీ కొత్త కార్డు అక్కర్లేదని మీకు చెప్పాలని వచ్చాడు కదా, ఆ మాట మాత్రం మనిద్దరం వినలేదు."

మళ్లీ కాసేపు ఆగి, "ఆదివారం ఇంటికి రండమ్మా. ఆ పుస్తకంలో ఏముందో నాక్కూడా చెప్పండి. అడ్వాన్సు సంగతి నేను చూసుకుంటాను" అన్నారు.

లారీ డ్రైవరు చూసిన చూపు

ఆదివారం మా లెక్కల మేడమ్‌ను తోడు తీసుకుని వెళ్లాను. కంప్యూటర్ అప్పటికే హాల్లో టేబుల్ మీద ఉంది. వాళ్లమ్మగారు మజ్జిగ ఇచ్చారు. అబ్బాయి వెనక్కి వంగి, కేబుల్ కింది సాకెట్‌లో పెట్టి, "ఇదీ నాన్నా" అని చూపించాడు. ఆయన వంగి రెండు సాకెట్లనూ చూసి, "దీనికోసమా 22 వేలు" అని ఊరుకున్నారు.

ఆట మొదలైంది. జర్మనీలో ఏదో ఊరు. "కుడివైపు పోతున్నాయేంట్రా బండ్లు?" అన్నారు. అక్కడ అంతే నాన్నా, ఇంగ్లండ్ వెళ్తే మళ్లీ మనలాగే ఎడమవైపు అన్నాడు అబ్బాయి. నేను పట్టిక పట్టుకుని కూర్చున్నాను. వేగం బాగుండాలని అద్దాలు తగ్గించిన సెట్టింగు అది. నాన్నగారు రెండు నిమిషాలు చూశారు.

"అద్దంలో ఏం కనపడట్లేదే?"

"తగ్గించాను నాన్నా. ఏడు ఎఫ్‌పీఎస్ కలిసొస్తుంది."

"అద్దాలు తగ్గిస్తే వెనక ఎవడొస్తున్నాడో తెలియకుండా బండెట్లా తిప్పుతావు? లారీకి అద్దాలే కళ్లు. గడ్డి తగ్గించుకో. గడ్డి చూసుకుంటూ ఎవడూ బండి నడపడు."

అబ్బాయి నా వైపు చూశాడు. అద్దం ఎందుకంత బరువో అతనే వివరించాడు. ఆటలో అద్దం అంటే ఇంకో చోట పెట్టిన ఇంకో కెమెరా లాంటిది. అక్కడి నుంచి రోడ్డు ఎలా కనపడుతుందో కార్డు మళ్లీ ఒకసారి గీయాలి. అందుకే అంత పని. అయినా వాళ్ల నాన్న మాట ప్రకారం అద్దాలు పెంచి, గడ్డి బాగా తగ్గించి, చెట్లు కొంచెం తగ్గించాడు.

ఆయన ఇంకా చూస్తున్నారు. "ముందు తెల్లగీత అలికేసినట్టుంది. దూరంగా కనపడాల్సింది అదే కదా." దానికి మందు అనైసోట్రోపిక్ ఫిల్టరింగ్. రోడ్డును మనం పైనుంచి చూడం, ఏటవాలుగా చూస్తాం. అలా ఏటవాలుగా సాగిపోయే ఉపరితలాల మీద బొమ్మ దూరం పోయేకొద్దీ మసకబారుతుంది. ఈ సెట్టింగు పెంచితే కార్డు ఆ వాలును బట్టి ఎక్కువ చోట్ల రంగు సరిచూసుకుని గీస్తుంది. అబ్బాయి దాన్ని పూర్తిగా పెంచాడు. తెల్లగీత దూరం దాకా సూటిగా కనపడింది. ఖర్చు ఒక్క ఎఫ్‌పీఎస్.

తర్వాత ఆటలో రాత్రి అయింది. ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఇది రాత్రి కాదురా. రాత్రంటే నల్లగా ఉండాలి. ఇది బూడిద పూసినట్టుంది." తుని దాటాక అర్ధరాత్రి రోడ్డు ఎలా ఉంటుందో ఇరవై ఏళ్లు చూసిన మనిషి ఆయన. మాకెవరికీ ఆ తేడా తెలియలేదు. అబ్బాయి కూడా ఇన్నాళ్లూ ఆట రంగులే అంత అనుకున్నాడు. కార్డు కంట్రోల్ ప్యానెల్ తెరిచి వెతికాడు. రిజల్యూషన్ పేజీలో "ఔట్‌పుట్ డైనమిక్ రేంజ్" అని ఒకటుంది, అది "లిమిటెడ్" మీద ఉంది. ఒక్కో రంగుకు 0 నుంచి 255 దాకా మెట్లుంటాయి. టీవీల పద్ధతిలో 16 నుంచి 235 దాకానే వాడతారు, అక్కడ 16 అంటేనే నలుపు. కార్డు టీవీ లెక్కలో పంపితే, మానిటర్ మాత్రం తన లెక్కలో 16ని ముదురు బూడిద రంగుగా చూపించింది. "ఫుల్" అని మార్చగానే రాత్రి నల్లబడింది. హెడ్‌లైట్ వెలుగు విడిగా తెలిసింది. వేగం ఒక్క అంకె కూడా తగ్గలేదు.

"అదీ!" అన్నారు ఆయన. అబ్బాయి నోట్‌బుక్ తీసుకుని పన్నెండో పేజీ మొదలుపెట్టాడు. "కనిపెట్టింది: నాన్న" అని రాశాడు. ఆయన అది చూసి లోపలికి వెళ్లి, మంచినీళ్లు తాగి వచ్చారు.

చివరికి స్కేలింగ్ ఇంకో మెట్టు తగ్గిస్తే వేగం 60 దగ్గర నిలబడింది. కొత్త కార్డు లేకుండానే, పండగ ముందుకంటే బాగా.

ఇంట్లో ఇలాంటి కంప్యూటర్ ఉంటే

మీలో కొందరి ఇళ్లలోనూ ఈ గొడవ ఉంటుందని తెలుసు. ఆ అబ్బాయి దగ్గర నేను నేర్చుకున్నవి కొన్ని చెప్తాను.

ఆట నెమ్మదిగా ఉందని కొత్త కార్డు అడిగితే, ముందు మానిటర్ కేబుల్ కార్డుకు పెట్టారో లేదో చూడండి. విండోస్ 10, 11లలో టాస్క్ మేనేజర్ తెరిస్తే, పెర్ఫార్మెన్స్ పేజీలో కార్డు పని చేస్తోందో ఊరికే ఉందో తెలుస్తుంది.

ఎన్‌విడియా కార్డయితే ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్, ఏఎమ్‌డీ కార్డయితే ఏఎమ్‌డీ సాఫ్ట్‌వేర్ ఉంటాయి. వాటిలో అన్ని ఆటలకూ వర్తించే సెట్టింగులు వేరు, ఒక్క ఆటకు మాత్రమే పెట్టుకునేవి వేరు. ఆటలోనూ ప్యానెల్లోనూ రెండు చోట్లా మారుస్తూ పోతే ఏది పని చేస్తోందో తెలియదు. ముందు ఆటలోని సెట్టింగులతోనే పని కానివ్వమనండి. ఈ నాణ్యత సెట్టింగులు మారిస్తే కంప్యూటర్ పాడైపోదు. పాత స్థితికి తెచ్చే బటన్ ఉంటుంది. కార్డు వేగాన్నే పెంచే ఓవర్‌క్లాకింగ్ మాత్రం పిల్లలను ముట్టుకోనివ్వకండి.

బొమ్మ మధ్యలో కోసినట్టు రెండు ముక్కలుగా కనపడితే వీ-సింక్ ఆన్ చేయమనండి. మామూలు మానిటర్ సెకనుకు 60 బొమ్మలే చూపిస్తుంది. కార్డు 90 గీసినా మిగతావి వృథా, వేడి, ఫ్యాన్ మోత. 60 దగ్గర ఆపితే కరెంటు కూడా కలిసొస్తుంది.

టెక్స్‌చర్ నాణ్యత కార్డులోని మెమరీ మీద ఆధారపడుతుంది. మెమరీ చాలినంత ఉంటే అది పెంచినా వేగం పెద్దగా తగ్గదు, చాలకపోతే ఆట ఆగి ఆగి నడుస్తుంది. నీడలు, ప్రతిబింబాలు, దూరం దాకా కనపడే చెట్లు ఎప్పుడూ బరువే. ముందు వాటి దగ్గర తగ్గించుకోవచ్చు.

ఒక్కసారికి ఒక్కటే మార్చి, ఏం జరిగిందో కాగితం మీద రాయమనండి. రాసే పిల్లలు ఊరికే మీటలు నొక్కుతూ రాత్రి తెల్లవార్లూ కూర్చోరు. అన్నిటికంటే ముందు, పది నిమిషాలు పక్కన కూర్చుని మీరు కూడా చూడండి. పిల్లలకు కనపడనిది మీకు కనపడొచ్చు.

తర్వాత

ఆ రోజే తండ్రీకొడుకులు ఒక ఒప్పందం చేసుకున్నారు. స్కూలు రోజుల్లో ఆట లేదు. శని, ఆదివారాల్లో రోజుకు గంటన్నర. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత కంప్యూటర్ ఆఫ్. అది హాల్లోంచి కదలదు. మొదటి రెండు వారాలు ఒప్పందం రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ వాళ్లమ్మగారు కేబుల్ తీసి బీరువాలో పెట్టారట. ఇప్పుడు పరవాలేదు.

ఎస్ఏ-2లో సైన్స్ మార్కులు మళ్లీ పైకి వచ్చాయి. లెక్కలు కొంచెం మెరుగు. హిందీ ఎప్పటిలాగే ఉంది. ఆట వల్ల మార్కులు పెరిగాయని నేను అనను. పది గంటలకు పడుకోవడం వల్ల పెరిగాయి. క్లాసులో మళ్లీ చేయెత్తుతున్నాడు, నాకు అది చాలు.

క్లాసులో అందరి ముందు నవ్వులపాలు చేశాను కాబట్టి, అందరి ముందే అతనికి సారీ చెప్పాను. రికార్డు ఎలా రాయాలో ఆ పట్టికలే బోర్డు మీద వేసి చూపించాను. నా ఎర్ర అక్షరాలున్న పేజీ మార్చుకుంటావా, కొత్త కాగితం అతికిస్తాను అంటే, "వద్దు మేడమ్, మొదటి రీడింగులు దాని మీదే ఉన్నాయి" అన్నాడు.

బీఈడీలో చైల్డ్ సైకాలజీ పేపర్లో "పిల్లవాడిని పరిశీలించడం" అనే ప్రశ్నకు నేను నాలుగు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. నిజంగా పరిశీలించాల్సి వచ్చిన రోజున ఆట పేరు చూసి పుస్తకం మూసేశాను. ఇప్పుడు పేరెంట్ మీటింగులో ఎవరైనా "ఫోన్ తీసేయమంటారా, కంప్యూటర్ తీసేయమంటారా?" అని అడిగితే, "దాంతో ఏం చేస్తున్నాడో మీరు చూశారా?" అని ముందు అడుగుతున్నాను. కొన్నిసార్లు చూశాక కూడా తీసేయాల్సిందే అని తేలుతుంది. చూడకుండా మాత్రం ఇక చెప్పను.

ఈ నెల మీటింగుకి వచ్చేముందు మీ పిల్లల నోట్‌బుక్‌లు ఒకసారి వెనక నుంచి తిరగేసి రండి. నేనూ తిరగేసి ఉంచుతాను.